చేరని యంగోనా కట్ట

ముకేష్ మాస్టారికి ఎక్కడైనా ఇంగ్లీషు తప్పు కనిపిస్తే గొంతులో టీ దిగదు. ఆ బుధవారం పొద్దున కూతురి యూనివర్సిటీ వాళ్లు అచ్చువేసిన ఆహ్వానపత్రంలో ఒకటి దొరికింది. ఇంకేముంది, జేబులోంచి ఎర్ర పెన్ను బయటికొచ్చింది.

"చూశావా కాంతా, ప్రొఫెసర్లంట! వీళ్లని తెచ్చి నా క్లాసు పిల్లల పక్కన కూర్చోబెట్టాలి."

"ముందు ఆ పెన్ను లోపల పెట్టి రొట్టె తినండి. చల్లారితే మళ్లీ నన్నే అంటారు," అంది కాంత, పెనం మీది రొట్టెను చేత్తోనే తిరగేస్తూ.

బయట వాన. ఫిజీ రాజధాని సువాలో పొద్దున్నే వాన పడిందని ఎవరూ చెప్పుకోరు, పడకపోతేనే చెప్పుకుంటారు. వెనక గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని ముకేష్ తల్లి మంగమ్మ దాలో అనే చేమ ఆకుల ఈనెలు తీస్తోంది. ఆ ఇంట్లో తెలుగు ఇంకా బతికి ఉందంటే ఆవిడ నోటి చలవే. కొడుకు ఆవిడతో తెలుగులో మాట్లాడతాడు, కోడలు సగం తెలుగు సగం హిందీ, మనవరాలు మంజు మూడు భాషలూ కలిపి వాయించేస్తుంది.

మంజు డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉంది. సోషియాలజీ. ఆఖరి ఏడాది పిల్లలంతా తలా ఒక పరిశోధనో, నాటకమో, ఫొటోల ప్రదర్శనో తయారుచేసి, తల్లిదండ్రుల్ని పిలిచి హాల్లో అందరి ముందూ పెట్టాలి. ఒకమ్మాయి సింగటోకా మార్కెట్లో కూరలమ్మే ఆడవాళ్ల మీద చిన్న నాటకం రాసింది. ఒకబ్బాయి తవువా గని కార్మికుల ఫొటోలు తీసుకొచ్చాడు. మంజు లీజులు పోయిన చెరకు రైతుల గురించి రాసింది. రాయదూ మరి? ఆ ఇల్లు ఇలా సువా అంచున రేకుల కప్పు కింద ఉందంటే కారణం అదే.

వాళ్ల పొలం పక్క దీవి మీద, లంబాసా దగ్గర వాయిలేవులో ఉండేది. భూమి దగ్గరి కోరోలోని, అంటే పల్లెలోని, ఫిజియన్లది. లీజు మీద సాగు చేసింది మంజు తాత రామయ్య, అంతకు ముందు ఆయన తండ్రి. గడువు తీరిన ఏడాది లీజు మళ్లీ ఇవ్వలేదు. ఇంటి చెక్కలు ఊడదీసి, రేకులు విప్పి, లారీకెత్తి, ఓడ మీద సువా వచ్చేశారు. ముకేష్ మాస్టారు బదిలీ చేయించుకున్నారు. రామయ్య ఆ ఏడు తిరక్కుండానే పోయాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో సకియాసి పేరెత్తితే చాలు, అందరి మొహాలూ ముడుచుకుపోతాయి. సకియాసి అంటే ఆ భూమి గల కుటుంబానికి పెద్ద. రామయ్యతో కలిసి వాగులో ఈతలు కొట్టి పెరిగినవాడు. అలాంటివాడే కాదన్నాడని వీళ్ల కడుపుమంట.

"శుక్రవారానికి శివ ప్రసాద్ గారిని కూడా పిలిచాను," అన్నారు మాస్టారు కూతురితో. శివ ప్రసాద్ అంటే అక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుడు. "సంఘం వాళ్లంతా వస్తారు. మనకి జరిగిన అన్యాయం నలుగురికీ తెలియాలి. సాయంత్రం ఒకసారి మా ముందు చదువు. ఎక్కడ తడబడుతున్నావో నేను చూస్తాను."

మంజు రొట్టె తుంచుతూ తలూపింది గానీ తండ్రి వైపు చూడలేదు.

సాయంత్రం బడి నుంచి వచ్చి, స్నానం చేసి, మాస్టారు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. కాంత చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. మంగమ్మ చాప మీద చేరగిలపడింది. మంజు నిలబడి కాగితాలు చూసి చదవడం మొదలెట్టింది. ఇంగ్లీషులో చదివి, అవ్వ కోసం మధ్యమధ్య తెలుగులో చెబుతోంది. ఊడదీసిన ఇళ్లు, పశువుల్ని లారీలకెత్తి అమ్మేసిన రోజులు, ఊరు మారాక మాట పడిపోయిన ముసలివాళ్లు. కాంత కొంగు కళ్లకి పెట్టుకుంది. మాస్టారు ఒకటి రెండు చోట్ల "కొంచెం నెమ్మదిగా" అనడం తప్ప మరేమీ అనలేదు. ఆయన ఛాతీ ఉబ్బి ఉంది. కూతురు ఇంత బాగా రాస్తుందని ఆయన కూడా అనుకోలేదు.

మంజు చదవడం ఆపేసింది.

"అంతేనా?"

"అంతే పప్పా."

"అదేంటి? ఒకవైపు మాటే ఉంది. పోయిన నెల ఓడెక్కి లంబాసా వెళ్లావు కదా. కోరోకి వెళ్లి భూమి వాళ్లతో మాట్లాడతానన్నావు. వాళ్లేమన్నారు?"

"వాళ్లది... టైం చాలదని తీసేశాను."

"తీసేస్తావా? అరే, అది రీసెర్చా, సంఘం మీటింగులో ఉపన్యాసమా? రెండు పక్షాలూ విని రాయాలని నీకు నేర్పింది ఎవరు? వాళ్లు ఏ అబద్ధం చెప్పినా సరే, చెప్పిందంతా పెట్టు. వినేవాళ్లకి తెలుస్తుంది."

"పప్పా, వద్దు."

"చదవమంటున్నానా?"

కాగితాల అడుగు నుంచి మంజు ఒకటి పైకి తీసింది. దాన్ని చూడకుండానే చెప్పడం మొదలెట్టింది.

"సకియాసి లేడు. మనం వచ్చేసిన మరుసటేడే పోయాడు. ఆయన కూతురు వసీతి మాట్లాడింది. నాకంటే మంచి హిందీ మాట్లాడుతుంది. నన్ను చూడగానే గుర్తుపట్టి, రామయ్య మనవరాలివి కదా అని ఏడ్చేసింది. తాత ప్రతి ఏడూ చెరకు కోత మొదలయ్యే ముందు యంగోనా వేర్ల కట్ట పట్టుకుని వాళ్లింటికి వెళ్లేవాడట. చాప మీద కూర్చుని, వాళ్ల మర్యాద ప్రకారం కట్ట ముందు పెట్టి, ఈ ఏడు కూడా మీ నేల మీద చెరకు కొట్టుకుంటాం అని అడిగేవాడట. లీజు గడువు దగ్గర పడ్డాక ల్యాండ్ ఆఫీసు వాళ్లొచ్చి కుటుంబం వాళ్లందర్నీ అడిగారు, మళ్లీ ఇస్తారా అని. కుర్రాళ్లు కొందరు వద్దన్నారు. సకియాసి అన్నాడట, రామయ్య ఉండాలనుకుంటే కట్ట తీసుకుని వస్తాడు, వస్తే కాదనేవాడు ఇక్కడెవడూ లేడు, కొంచెం ఆగండి అని. ఆఫీసు వాళ్లని రెండుసార్లు వెనక్కి పంపాడట. రోజూ వాగు వైపున్న గుమ్మంలో కూర్చునేవాడట."

మంజు ఆ కాగితాన్ని రెండుగా మడిచింది.

"తాత వెళ్లలేదు. లీజు అడిగే కాగితం మాత్రం ఆఫీసులో పడింది. అడగడానికి రాలేదంటే ఇక మనతో సంబంధం వద్దనుకున్నట్టే, రామయ్యే మనల్ని వదిలేశాడు అనుకున్నాడట సకియాసి. లారీ వెళుతుంటే కూడా చెట్టు చాటు నుంచి చూశాడట. తాత పోయిన సంగతి కూడా వాళ్లకెవరూ చెప్పలేదు. నేను చెబితేనే తెలిసింది." మంజు తండ్రి వైపు తిరిగింది. "పప్పా, తాత ఎందుకు వెళ్లలేదు? ప్రతి ఏడూ వెళ్లినవాడు ఆ ఒక్క ఏడు ఎందుకు మానేశాడు?"

ముకేష్ మాస్టారి కాలు మీద కాలు ఎప్పుడు దిగిందో దిగింది.

"మోకాళ్లు," అంది మంగమ్మ.

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"మీ తాతకి ఆ ఏడు మోకాళ్లు వాచినాయి. వాగు దాటి ఎట్టా పోవాల? రేపు పోతా, ఎల్లుండి పోతా అన్యాడు. బద్ధకం మనిషికి. అట్టా పొద్దులు గడిచిపోయినాయి. అంతే."

"నిజమా అవ్వా?"

"మొగుడి మీద అబద్ధం చెప్తానా? అట్నే రాసుకో." మంగమ్మ లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మాస్టారు కూడా లేచారు. కారు అద్దం దించి ఉందేమో, వాన లోపల పడుతుందేమో అని గొణిగి బయటికి వెళ్లారు. అద్దం దించి లేదు. చాలాసేపు ఆ కార్లోనే కూర్చున్నారు.

ఏం గుర్తొచ్చిందంటే, ఆ కట్టే గుర్తొచ్చింది. ఆ ఏడు కూడా రామయ్య లంబాసా మార్కెట్ నుంచి మంచి వేర్లు ఏరి కొనుక్కొచ్చి, మంగమ్మ చేత ఎర్రగుడ్డతో కట్టించి, గుమ్మం పక్కన నిలబెట్టాడు. అప్పుడే బడి నుంచి వచ్చిన ముకేష్‌కి అది కనపడింది. "ఈ రోజుల్లో ఇదేంటి నాయనా? ఫారం నేనే నింపి ఇచ్చాను. చట్టం ప్రకారం ఇవ్వాల్సిందే. వసీతి పిల్లలు నా క్లాసులో ఉన్నారు. మాస్టారి నాన్న వచ్చి మా తాత ముందు నేల మీద కూర్చున్నాడని రేపు బడంతా చెప్పుకుంటారు. నాకు తలవంపులు తేవద్దు," అన్నారు. రామయ్య ఎదురు చెప్పలేదు. "చదువుకున్నవాడివి, నీకు తెలుసులే," అన్నాడు. తండ్రి మనసు మార్చుకుని వెళతాడేమోనని మర్నాడు ఆ కట్టను మాస్టారే బడికి పట్టుకుపోయారు. ఆ వారం శుక్రవారం సాయంత్రం స్టాఫ్ రూములో తోటి మాస్టర్లంతా దాన్ని దంచి, తనోవా అనే చెక్క గిన్నెలో నీళ్లతో కలిపి, నవ్వుకుంటూ తాగేశారు. దాన్నే గ్రోగ్ అంటారు. గ్రోగ్ చాలా బాగుందని ఎవరో మెచ్చుకున్నారు కూడా.

ఇన్నేళ్లూ సకియాసిని తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు ఆయన్నే వెనక్కొచ్చి పట్టుకున్నాయి. అయినా తల్లి ఒక దారి చూపించింది కదా. మోకాళ్లు. పోయినవాడికి పోయేదేముంది? కూతురి ముందు తల దించుకోనక్కర్లేదు. సిగ్గు లేకుండా ఆ మాటను పట్టుకునే గురువారమంతా గడిపారు. మంజు ఆ భాగం చేర్చి రాసుకుంటుంటే పక్క గదిలోంచి వింటూ ఊరుకున్నారు. ఆ రోజు ఎర్ర పెన్ను ముట్టలేదు.

శుక్రవారం హాలు నిండింది. సంఘం వాళ్లు ముందు వరసల్లో కూర్చున్నారు. కూరలమ్మే ఆడవాళ్ల నాటకానికి అందరూ పగలబడి నవ్వారు. గని కార్మికుల ఫొటోల ముందు నిలబడి నోళ్లు వెళ్లబెట్టారు. తర్వాత మంజు పేరు పిలిచారు.

అలాంటి పరిశోధనల్లో ఒక నియమం ఉంటుంది. ఎవరి అసలు పేరూ పెట్టకూడదు. అందుకని మంజు "ఒక ఊళ్లో ఒక రైతు" అనే చెప్పింది. ఆ రైతు ఏటా తీసుకెళ్లిన యంగోనా కట్ట, ఆఖరి ఏడాది వెళ్లకపోవడం, వాగు వైపు గుమ్మంలో కూర్చున్న మరో ముసలాయన. మోకాళ్ల నొప్పితో రేపు మాపు అంటూ వెళ్లలేదని కుటుంబం చెప్పింది, అంది. వెనకెవరో ముక్కు చీదారు.

శివ ప్రసాద్ మాస్టారి వైపు వంగి చెవిలో అన్నాడు: "ఎవడో గానీ భయ్యా, ఎంత సోమరి ముసలాడు! కాస్త కాళ్లీడ్చుకుని వెళ్లి వచ్చుంటే ఇంటిల్లిపాదీ రోడ్డున పడేవాళ్లు కాదు. ఇలాంటి ముసలాళ్ల వల్లే కదా మనవాళ్లు చెడిపోయింది."

మాస్టారు అటు పక్కన కూర్చున్న తల్లి వైపు చూశారు. ఆ మాట ఆవిడకీ వినపడింది. మంగమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని తిన్నగా మనవరాలినే చూస్తోంది. చీకటితో లేచి, చెరకు కొట్టి, ఎడ్ల వెనక నడిచి నడిచి, కొడుకు కాలికి బురద అంటకుండా చదివించిన మనిషి ఆవిడ మొగుడు. ఒక్కరోజు కూడా ఆలస్యంగా లేవనివాడు. ఇప్పుడు ఇంతమంది మధ్య సోమరి అనిపించుకుంటున్నాడు.

ఎవరికైనా ప్రశ్నలున్నాయా అని మంజు గురువుగారు అడిగారు. ముకేష్ మాస్టారు లేచి నిలబడ్డారు.

"ప్రశ్న కాదు. ఒక తప్పు దిద్దాలి." ఆయన ఎప్పుడూ మాట్లాడే ఇంగ్లీషే, కానీ ఆ గొంతు ఆయనది కాదు. "ఆ రైతు మోకాళ్లకి ఏమీ కాలేదు. ఆ రైతు పేరు రామయ్య. మా నాన్న. కట్ట సిద్ధంగా ఉంది. వెళ్లనివ్వనిది కొడుకు. బడిపంతులు. నాన్న నేల మీద కూర్చుంటే తనకి నామోషీ అనుకున్నాడు. ఆ కట్టను స్నేహితులతో కలిసి తాగేశాడు. అమ్మాయ్, పేర్లు మార్చొద్దు. నా పేరు అలాగే పెట్టు."

మంజు చేతిలో కాగితాలు జారిపోయాయి. వాటిని ఎవరూ తీయలేదు. శివ ప్రసాద్ తల దించుకున్నాడు. కాంత కొంగు నోట్లో కుక్కుకుంది.

మాస్టారు అక్కడ ఉండలేకపోయారు. వరసలోంచి తడుముకుంటూ బయటికి వచ్చి వరండా మెట్ల మీద కూలబడ్డారు. వాన జల్లు మోకాళ్ల మీద పడుతోంది. కాసేపటికి తల్లి వచ్చి పక్కన కూర్చుంది. వెనకాలే మంజు వచ్చి స్తంభం దగ్గర ఆగిపోయింది.

"ఎందుకమ్మా ఆ అబద్ధం చెప్పావు? నాయన్ని సోమరి అనిపించావు కదా."

"మాటిచ్చినాను అబ్బయ్యా."

"ఎవరికి?"

"మీ నాయినకే."

మాస్టారు తల తిప్పి చూశారు.

"ఆయనకి అంతా తెలుసురా. కట్ట నువ్వు బడికి తీసుకుపోయిన పొద్దే తెలుసు, నేనే చెప్పినాను. ఖాళీ చేయమని కాయితం వచ్చిన్నాడు వాగు దాకా పోయినాడు. వంతెన మీద శానాసేపు నిలబడి మళ్లా వచ్చేసినాడు. ఏమయ్యా, పోలేదా అంటే, ఉత్త చేతులతో ఎట్టా పోవాల మంగా, పోయి ఏం చెప్పాల, నా కొడుకు వద్దన్యాడని చెప్పాల్నా అన్యాడు." మంగమ్మ కొంగుతో కొడుకు మోకాళ్లు తుడిచింది. "ఇక్కడికొచ్చి మంచాన పడినాక అందరూ వచ్చి సకియాసిని తిడుతుంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఒకపొద్దు నన్ను పిలిచి, కట్ట సంగతి వాడి కాడ ఎప్పుడూ ఎత్తొద్దు, వాడు పంతులు, పిల్లల ముందర తలెత్తుకుని నిలబడాల, ఎవరన్నా అడిగితే నా మీద పెట్టు అన్యాడు. ప్రాణం లాంటి స్నేహితుణ్ని తిట్టించుకున్యాడు గానీ నిన్ను ఒక మాట పడనీలేదురా."

ముకేష్ మాస్టారు తల్లి ఒళ్లో తల పెట్టి, చిన్నపిల్లాడిలా గుక్కపట్టి ఏడ్చారు. తండ్రి పోయినప్పుడు ఆయన ఏడవలేదు. వచ్చినవాళ్లకి కుర్చీలు వేయిస్తూ, సకియాసిని తిడుతూ తిరిగారు. ఆ ఏడుపంతా ఇప్పుడొచ్చింది. మంజు వచ్చి తండ్రి వీపు మీద చెయ్యి వేసింది. మూడు భాషలున్నా ఒక్క మాట దొరకలేదు.

"నన్ను ఒక్కసారి తిట్టి పోయుంటే బాగుండేదమ్మా," అన్నారాయన చివరికి.

"తిట్టడం ఆయనకి రాదు గదరా."

మర్నాడు పొద్దున సువా మార్కెట్ మేడ మీద, యంగోనా అమ్మే బల్లల దగ్గర ముకేష్ మాస్టారు ఒక్కొక్క వేరూ తీసి, వాసన చూసి, పక్కన పెడుతున్నారు. మంచిదేదో కానిదేదో ఆయనకి తెలియదు. తండ్రి అలా వాసన చూడటం మాత్రం గుర్తుంది. చివరికి తల్లి చెయ్యి చాపి తనే ఏరింది. ఇంటికొచ్చాక పెట్టె అడుగు నుంచి పాత ఎర్రచీర తీసి, అంచు చించి, అప్పుడు కట్టినట్టే కట్టింది.

"ఇప్పుడు వెళితే భూమి తిరిగొస్తుందా అత్తమ్మా?" అంది కాంత. కోపంగా కాదు, తెలియకే అడిగింది.

"భూమికి కాదమ్మా. అడగాల్సినవాడూ లేడు, ఇయ్యాల్సినవాడూ లేడు. ఆ పిల్ల వసీతి ఉందిగా. వాళ్ల నాయిన్ని మీ మామ మరిచిపోలేదని దానికన్నా తెలియాల."

సాయంత్రం ఓడెక్కారు తల్లీ కొడుకూ మనవరాలూ. మర్నాడు పొద్దున సవుసవు రేవులో దిగి లంబాసా బస్సు పట్టుకున్నారు. కొండలు దిగి చెరకు తోటలు మొదలయ్యేసరికి మంగమ్మ కిటికీకి మొహం ఆనించింది. వాయిలేవు మలుపు దగ్గర మంజు చెయ్యి చూపించింది. వాళ్ల ఇల్లున్న చోట అడ్డదిడ్డంగా గడ్డి పెరిగి ఉంది. చెరకు లేదు. మాస్టారు ఒక్కసారి చూసి కళ్లు మూసుకున్నారు.

ఆ కట్ట ఓడలో ఎక్కినప్పటి నుంచీ ఆయన ఒళ్లోనే ఉంది. ఎవరడిగినా ఇవ్వలేదు, కింద పెట్టలేదు.

వసీతి ఇంటి ముందు, వాగు వైపు గుమ్మం తెరిచే ఉంది. ముకేష్ మాస్టారు బూట్లు విప్పి, వంగి లోపలికి వెళ్లి, చాప అంచున నేల మీద కూర్చున్నారు. నలభై మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టే మనిషి. కట్టను ముందుకు జరిపారు. ఏం చెప్పాలో దారంతా తలుచుకుంటూ వచ్చారు, ఒక్క మాటా పైకి రాలేదు.

చివరికి తెలుగులోనే వచ్చింది. ఎదుట కూర్చున్న వసీతికి ఆ భాష రాదు.

"మా నాయన పంపించాడమ్మా. కొంచెం ఆలస్యమైంది."

వసీతికి ఎవరూ తర్జుమా చేసి చెప్పలేదు. ఆమె ఆ ఎర్రగుడ్డ ముడి వైపు చాలాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ చాపి కట్టను తీసుకుని, గుండెకి హత్తుకుని ఏడ్చింది.